వెనక గేటు

పోయిన వారం రక్షితను మనం ఎక్కడ వదిలేశామో గుర్తుంది కదా? ఆఫీసు గదిలో, చెవి దగ్గర ఫోను, నోట్లో అబద్ధం. "శోభక్కా, గది మిషిన్ జేసిన తప్పు" అనేసి, అవతల శోభారాణి ఏమంటుందో వినకుండానే పెట్టేసింది. అబద్ధం ఆడేవాళ్ళకు జవాబు వినే ఓపిక ఎక్కడిది?

కొత్తగా చదువుతున్నవాళ్ళకు రెండు ముక్కలు చెప్పుకుందాం. దూలపల్లి రోడ్డులో, ఒకప్పుడు ద్రాక్షతోట ఉన్న చోట, ఇప్పుడు మనోరమ గార్డెన్స్ అనే ఫంక్షన్ హాలుంది. పేరు మనోరమమ్మది, పెత్తనం ఆమె భర్త జనార్ధన్ రెడ్డిది, చాకిరీ వాళ్ళ కూతురు రక్షితది. ఆ హాల్లో గిన్నెలూ ప్లేట్లూ చూసుకునే ఆడవాళ్ళ జట్టుకు పెద్ద శోభారాణి. శామీర్‌పేట చెరువులో చేపలు పట్టే లింగం భార్య. రక్షిత రెండు జడలేసుకుని బడికి పోయే రోజుల నుంచీ అక్కడే పని చేస్తోంది. పెళ్ళివాళ్ళ హడావిడిలో పడి కన్నతల్లి కూడా మరిచిపోయిన పూటల్లో, ఈ పిల్లను వంటశాల గడప మీద కూర్చోబెట్టుకుని ముద్దలు కలిపి పెట్టింది ఆమే.

ఇక మునీం సంగతి. హాలు బుకింగులూ వంటవాళ్ళతో బేరాలూ చూసుకోవడానికి రక్షిత తెచ్చిపెట్టిన ఏఐ సహాయకుడికి, గుమస్తా అనే అర్థంలో, ఆ పేరు పెట్టింది జనార్ధన్ రెడ్డి. ఫోన్‌లో రాస్తే రాస్తుంది, మాట్లాడితే మాట్లాడుతుంది. మొదట్లో దానికి ఒకే ఒక్క రోగం, పొద్దున చెప్పింది సాయంత్రానికి మరిచిపోయేది. పెద్ద లాన్ అంటే ఏది, రెండో బంతి అంటే ఎవరు, గట్టి పార్టీ అంటే ఎలాంటివాళ్ళు, అన్నీ రోజూ మళ్ళీ మొదటి నుంచి చెప్పుకోవాల్సి వచ్చేది. విసుగెత్తి ఈ ఎండాకాలంలో రక్షిత దానికి చెరగని జ్ఞాపకం పెట్టించింది. అప్పటి నుంచి "మునీం, యాది పెట్టుకో" అని ఏది చెబితే అది రాతి మీద గీత. హాలు మాటలు హాలువాళ్ళలాగే మాట్లాడటం నేర్చింది. ఇంట్లో అందరూ మురిసిపోయారు.

ఆ మురిపెం మొన్న సోమవారం దాకా. శోభారాణి కొడుకు సాయినాథ్ పెళ్ళి ఈ శుక్రవారం, ఆదివారం దావత్. దావత్ మనోరమ గార్డెన్స్‌లోనే అని శోభారాణి చుట్టాలందరికీ చెప్పుకుంది. మా హాలు, మా రక్షితమ్మ దగ్గరుండి చేస్తుంది అని కాబోయే వియ్యంకుడి ముందు గొప్పలు కూడా పోయింది. సోమవారం మధ్యాహ్నం రెండు వైపులవాళ్ళూ ఉన్న పెళ్ళి వాట్సాప్ గ్రూపులో మునీం చక్కగా ఒక సందేశం పెట్టింది. దావత్‌కు వచ్చేవారు వెనక గేటు నుంచి రావలెను. ముందు లాన్‌లోకి ప్రవేశం లేదు. భోజనాలు రేకుల షెడ్డులో. కాగితం ప్లేట్లు మాత్రమే ఇవ్వబడును, స్టీలు ప్లేట్లు అడగరాదు. చివర్న నూతన వధూవరులకు శుభాకాంక్షలు. మర్యాదకు లోటు లేదు మరి.

ఇదీ జరిగిన కథ. ఇవాళ బుధవారం.

పొద్దున్నే శోభారాణి నుంచి ఫోను వచ్చింది. కోపం లేదు, నిష్ఠూరం లేదు. గజ్వేల్ నుంచి వియ్యంకుడు మల్లేష్ మాట్లాడటానికి వస్తున్నాడట. ఆయన వైపు చుట్టాలు దావత్‌కు రామంటున్నారట, సంబంధం మీదికే వచ్చేట్టుందట. "అది మిషిన్ తప్పే అని నేను జెప్తే నమ్ముతలేరు బిడ్డా. నువ్వొచ్చి ఒక్క మాట జెప్పు, నీ మాటైతే వింటరు" అంది. రక్షిత వస్తానంది.

బయల్దేరుతుంటే జనార్ధన్ రెడ్డి వరండాలో పేపరు దించాడు. ఎక్కడికి అని అడిగాడు, చెప్పింది. ఆయనకు నచ్చలేదు. ఫోన్‌లో సారీ చెప్పావు కదా చాలదా, మన ఇంటి ఆడపిల్ల వాళ్ళ వాకిట్లోకి పోయి సంజాయిషీ చెప్పుకోవాలా అన్నాడు. ఇవాళ ముందు గేటు అంటారు, రేపు ముందు సోఫా అంటారు అన్నాడు. రక్షిత కారు తాళాలు తిప్పుతూ నిలబడే ఉంది. చివరికి ఆయనే మెత్తబడినట్టు పేపరు మళ్ళీ ఎత్తుకుని, "సరే తీ, గా దావత్ సంగతి నేను జూసుకుంట" అన్నాడు.

ఆ మాటతో రక్షిత గుండె తేలికపడింది. బాపు చూసుకుంటానన్నాడంటే ముందు లాన్ ఇస్తాడన్నమాటే అనుకుంది. పిచ్చిపిల్ల.

కండ్లకోయ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి శామీర్‌పేటలో దిగేదాకా చెప్పాల్సిన మాటలు నాలుగైదు రకాలుగా అనుకుంది. సాఫ్ట్‌వేర్‌లో లోపం అనాలా, ఎవరిదో పాత మెసేజ్ పొరపాటున వచ్చింది అనాలా? ఏ మాటా నిలబడేట్టు లేదు. ఎందుకంటే ఆ సందేశం చూసిన క్షణంలోనే ఆమెకు తెలుసు, అందులో మునీం సొంత మాట ఒక్కటీ లేదు. తెలిసీ మిషిన్ మీదికి తోసేసింది. మిషిన్ ఎదురు మాట్లాడదు కదా అని ధైర్యం.

శోభారాణి ఇంటి ముందు పచ్చటి పందిరి వేసి ఉంది. ప్రహరీ మీద వల ఆరేసి ఉంది. కారు ఆగగానే సాయినాథ్ ఎదురొచ్చాడు. తుర్కపల్లిలో మందుల కంపెనీలో పని చేసే కుర్రాడు, పసుపు పెట్టిన చేతులను వెనక్కి దాచుకుంటూ నమస్తే అక్కా అన్నాడు. మొహం మాత్రం పక్కకి తిప్పుకున్నాడు. లోపల లింగం, మంచం మీద అతని తల్లి బుచ్చవ్వ, గోడ వారన కుర్చీలో మల్లేష్. తెల్లచొక్కా వేసుకున్న పెద్దమనిషి, అరవకుండా మాట్లాడే రకం. అరిచేవాళ్ళయితే ఎంత బాగుండేదో అనిపించింది రక్షితకు.

ఉన్న ఒక్క మంచి కుర్చీ ఆమెకే వేశారు. శోభారాణి లోపలికి వెళ్ళి పెళ్ళి కోసం చేసిన సకినాలూ గరిజెలూ తెచ్చింది. పెళ్ళికూతురి కోసం కొన్న కొత్త స్టీలు ప్లేటు, అంచుకు దుకాణం వాడి కాగితం ఇంకా అంటుకునే ఉంది. కొంగుతో మళ్ళీ ఒకసారి తుడిచి మరీ చేతికిచ్చింది. రక్షిత ఆ ప్లేటు ఒళ్ళో పెట్టుకుంది. తినడానికి చెయ్యి లేవలేదు.

శోభారాణి వియ్యంకుడి వైపు తిరిగింది. ఈమెనే మా రక్షితమ్మ అన్నా, నేను చెప్పలేదా, పని మానుకుని వచ్చింది చూడు అని పరిచయం చేసింది. ఆ గొంతులో ఇంకా గర్వమే ఉంది. చెప్పు బిడ్డా అన్నట్టు తల ఊపింది.

రక్షిత చెప్పింది. కారులో అనుకున్న మాటల్లో అన్నిటికంటే నున్నటిది ఎంచుకుని చెప్పింది. కొత్త మిషిన్ అని, ఇంకా సరిగ్గా కుదురుకోలేదని, పొరపాటు పడిందని, మనసులో పెట్టుకోవద్దని. మల్లేష్ మధ్యలో అడ్డు రాకుండా అంతా విన్నాడు. విని, చేతిలో చాయ్ గ్లాసు తిప్పాడు.

"తప్పులు ఎవలకైన జరుగుతయి తల్లీ. నాకు ఒక్కటే సమజ్ గాలే. మిషిన్ తప్పు జేస్తే తారీఖుల జేస్తది, పేర్లల్ల జేస్తది. మేము వెనుక గేటోళ్ళమని, మాకు కాయితం ప్లేట్లే ఇయ్యాలని ఎవలన్న జెప్పకుంటె దానికెట్ల తెలుస్తది?"

రక్షిత ప్లేటు అంచుకున్న కాగితాన్ని గోటితో గీకింది.

ఆమె తరఫున మాట్లాడింది ఎవరనుకున్నారు? శోభారాణే. అందులో అనుమానం ఎందుకన్నా, మునీం నాతో రోజూ మాట్లాడుతుంది, ఎన్ని ప్లేట్లు పోయాయి, ఎన్ని సొట్టలు పడ్డాయి అన్నీ దానికి చెప్పేది నేనే, దాన్నే అడుగుదాం, తప్పయిందని అదే చెబుతుంది అంటూ బొడ్లో నుంచి ఫోను తీసింది. స్టాఫ్ అందరి ఫోన్లలోనూ మునీం ఉండేట్టు చేసింది రక్షితే. నువ్వేది అడిగినా చెబుతుంది శోభక్కా, భయపడకు అని పక్కన కూర్చుని నేర్పింది కూడా రక్షితే.

ఆపాలి. ఇప్పుడే, ఈ క్షణమే ఆపాలి. తెలుసు. కాని ఆపితే ఎందుకు ఆపావని అడుగుతారు. ఆ భయంతోనే ప్లేటు అంచు పట్టుకుని అట్లాగే కూర్చుండిపోయింది.

"మునీం, సాయిగాని దావత్‌కు వెనుక గేటు అని రాసినవ్ గదా, అది తప్పేనా?" అని అడిగింది శోభారాణి, చుట్టాలబ్బాయిని పలకరించినంత చనువుగా.

ఫోన్లో నుంచి ఎప్పటి మర్యాదతోనే గొంతు వచ్చింది.

"నమస్కారం శోభారాణి గారూ. అందులో పొరపాటు లేదండీ. స్టాఫ్ ఇళ్ళలో జరిగే ఫంక్షన్లను వెనక గేటు పార్టీగా చూడాలని, ముందు లాన్, స్టీలు ప్లేట్లు ఇవ్వకూడదని రక్షిత గారు యాది పెట్టుకోమన్నారు. ఎందుకో కూడా చెప్పారు. ఆవిడ మాటల్లోనే వినిపించమంటారా?"

బయట వల మీద వాలిన కాకిని సాయినాథ్ తోలడం మరిచిపోయాడు.

శోభారాణి ఫోన్‌ను ఒళ్ళో బోర్లా పెట్టింది. వద్దు అని దానికి చెప్పింది. ఆ తర్వాత రక్షితకేసి చూసింది. ఆ చూపులో కోపం ఉంటే రక్షిత తట్టుకునేదే. తెలిసిన మనిషిని గుర్తుపట్టలేక తడుముకుంటున్న చూపు అది.

"గా కారణమేందో నువ్వే జెప్పు బిడ్డా. మిషిన్ నోట ఎందుకు?"

సిగ్గు అనే మాట మనం రోజుకు పదిసార్లు వాడతాం. నిజంగా వచ్చినప్పుడు అది మొదట దాక్కునే చోటు వెతుక్కుంటుంది. రక్షిత నాలుక చివర ఇంకో అబద్ధం తయారుగా ఉంది, బాపు చెప్పమన్నాడు అని. అందరూ నమ్ముతారు. జనార్ధన్ రెడ్డి సంగతి ఎరగనివాళ్ళు శామీర్‌పేటలో ఎవరున్నారు? కాని బాపు ఏ రోజూ అట్లా చెప్పమనలేదు. చెప్పాల్సిన అవసరమే ఆయనకు రాలేదు. పుట్టినప్పటి నుంచీ ఇంట్లో విన్న మాటలు విన్నట్టే ఆమె నోటికి వచ్చాయి. అనేసి మరిచిపోయింది. మునీం మరిచిపోలేదు. మరిచిపోవద్దని చెప్పిందీ ఆమే.

తల వంచుకుని ప్లేటులోని సకినాలతో మాట్లాడుతున్నట్టు మొదలుపెట్టింది.

"ఎండకాలంల ఒక పెద్ద పెండ్లి అయింది. యాదికున్నదా శోభక్కా, గాలిదుమారం వచ్చి షామియానా లేశిపోయిన దినం. ఆ దినం డ్రైవర్లు, మీ జట్టోళ్ళు స్టీలు ప్లేట్లల్ల తింటుంటె పెండ్లోళ్ళల్ల ఒకామె జూసి నారాజ్ అయింది. నేను ఆమెతోటి ఏమనలే. ఆఫీసులకు పోయి మునీంకు జెప్పిన." అక్కడ తలెత్తి శోభారాణిని చూసింది. "పనోళ్ళు తిన్న ప్లేట్లల్ల మనోళ్ళకు ఎట్ల పెడ్తం, ఇగ నుంచి వాళ్ళకు కాయితంవే ఇయ్యాలె, యాది పెట్టుకో అని జెప్పిన. బాపు కాదు, నేనే అన్న. మిషిన్ తప్పని మీకు జెప్పింది అబద్ధం."

లింగం లేచి బయటికి వెళ్ళాడు. బాగానే ఉన్న వలను తీసి మళ్ళీ సరిగ్గా ఆరేయడం మొదలుపెట్టాడు. మంచం మీద బుచ్చవ్వకు చెవులు సరిగ్గా వినపడవు. పిల్ల ఏమంటుంది అని కోడలిని అడిగింది. ఆ ముసలామె రక్షిత ఒళ్ళో ప్లేటు చూసి, సకినాలు గట్టిగున్నాయేమో, గరిజె తినుమను అంది.

అప్పుడు ఏడుపొచ్చింది రక్షితకు. ఏడిస్తే వీళ్ళే తనను ఓదార్చాల్సి వస్తుంది, అంతకన్నా సిగ్గుమాలినతనం ఇంకోటి లేదనుకుని, పళ్ళు బిగించి ఆపుకుంది.

శోభారాణి గొంతు మారలేదు. వంటశాలలో పని చెప్పేటప్పుడు ఎట్లా మాట్లాడుతుందో అట్లాగే మాట్లాడింది.

"గా ప్లేట్లు నేను కడిగేటియి బిడ్డా. కడిగి బోర్లేసినంక ఏ ప్లేట్ల ఎవలు తిన్నరో నాకే తెల్వదు. నీకెట్ల తెలుస్తది?"

చిన్నప్పుడు శోభారాణి చేతి ముద్దలు తిన్న నోటితోనే రక్షిత ఆ మాట అంది.

మల్లేష్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. శోభారాణి వైపు తిరిగి, చెల్లె, నువ్వు తెలిసే మాకు అబద్ధం చెప్పావేమో అనుకున్నాం, తప్పు మాదే, నీ మాటలో వంక లేదు అన్నాడు. సంబంధం గురించి ఇంక పరేషాన్ కావద్దు, శుక్రవారం పెళ్ళి పెళ్ళే అన్నాడు. సాయినాథ్ గుమ్మంలో నిలబడి గట్టిగా ఊపిరి వదిలాడు. "కానీ ఆదివారం గా హాల్ల మావోళ్ళు ఎట్ల అడుగు పెడ్తరు? ఇంటి ముంగటనే పందిరి కింద పెట్టుకుందం, మనకేం తక్కువ?" అని అడిగాడు మల్లేష్.

సాయినాథ్‌కూ అదే నచ్చినట్టుంది. శోభారాణికి నచ్చలేదు. ఆమె లేచి కొంగు నడుముకు దోపుకుంది.

"ఇంటి ముంగట పెట్టుకుంటె నేను గా వెనుక గేటుకు ఒప్పుకున్నట్టే అన్నా. ఆదివారం దావత్ హాల్లనే జేస్తం. ముందు గేట్లకెళ్ళి పోతం. నేను కడిగిన ప్లేట్లల్లనే తింటం. గా దినం మాత్రం నేను కడుగ." ఫోను తీసి రక్షిత ముందు పెట్టింది. "గా మాట దానికి నేర్పింది నువ్వే గదా. ఈ మాట గూడ నువ్వే నేర్పు. మా అందరి ముంగట."

రక్షిత ప్లేటు పక్కన పెట్టింది. పొద్దుటి నుంచి మొదటిసారి ఊపిరి సరిగ్గా ఆడింది. చేయడానికి ఒక పని దొరికింది, అదీ తప్పు దిద్దే పని. బాపు కూడా చూసుకుంటానన్నాడాయె. ఫోను దగ్గరికి వంగి ఒక్కో మాటా విడమరిచి చెప్పింది.

"మునీం, యాది పెట్టుకో. ఆదివారం సాయినాథ్ దావత్ ముందు లాన్ల. ముందు గేటు. స్టీలు ప్లేట్లు. ఇగ నుంచి మన హాల్ల వెనుక గేటు పార్టీ అన్న మాటే లేదు. నేను ఎండకాలంల జెప్పింది తప్పు. ఆ దినం శోభక్క పనికి రాదు, ఆమె మన ఇంటి చుట్టం."

మామూలుగా అయితే మాట పూర్తి కాకముందే యాది పెట్టుకున్నానండీ అంటుంది. ఈసారి అనలేదు. తెర మీద చిన్న చుక్కలు తిరిగాయి. సాయినాథ్ ముందుకు వంగాడు. లింగం వల వదిలేసి గుమ్మం దాకా వచ్చాడు.

"రక్షిత గారూ, ఈ మాట ఇవాళ పొద్దున జనార్ధన్ గారు చెప్పినదానికి అడ్డం వస్తోందండీ" అంది మునీం. "సాయినాథ్ గారి దావత్ బుకింగ్ తీసేయమన్నారు. శోభారాణి గారి జట్టును ఇక ఎప్పుడూ పనికి పిలవొద్దని కూడా యాది పెట్టుకోమన్నారు. మీరు ఇంటి నుంచి బయల్దేరిన కాసేపటికే చెప్పారు."

నేను చూసుకుంటా తీ అన్నాడు బాపు. చూసుకున్నాడు. ఆ మాట నమ్మి తేలికపడిన తన గుండెను తలుచుకుంటే రక్షితకు ఒళ్ళంతా మంటలు లేచాయి. తను క్షమాపణ చెప్పుకోవడానికి ఔటర్ ఎక్కిన వేళకే, ఇంత మంది అన్నం ఆ ఇంట్లో ఒక్క మాటతో తీసేశారు.

బుచ్చవ్వ మళ్ళీ ఏమంటుంది అని అడిగింది. ఈసారి మల్లేష్ ఆమె చెవి దగ్గరికి వంగి, ఆగు అవ్వా, ఇంకా అయిపోలేదు అన్నాడు.

ఫోన్లో గొంతు ఓపిగ్గా అడిగింది.

"ఇద్దరి మాటలూ ఉంచలేనండీ. ఎవరి మాట ఉంచమంటారు?"

శోభారాణి ఫోను చేతిలోకి తీసుకుని, రక్షిత నోటి దగ్గరికి జరిపి పట్టుకుంది.